వేరే గ్రహాల మీద ప్రాణులు దొరికితే మన గ్రంథాలు అబద్ధమైపోతాయా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మన సూర్యుడి చుట్టూ కాక వేరే నక్షత్రం చుట్టూ తిరిగే కే2-18బి అనే గ్రహం మీద ప్రాణుల జాడ ఉండొచ్చని వార్త వచ్చినప్పటి నుంచి మీ అమ్మగారు దిగులుగా ఉన్నారని రాశారు. "అక్కడ కూడా ప్రాణులుంటే మన దేవుడు, మన పుస్తకాలు ఏమైనట్టు?" అని ఆమె అడుగుతున్నారని, ఏం చెప్పాలో మీకు తోచడం లేదని అన్నారు. మీకు వచ్చిన జవాబుల్లో సగం మంది "మన వేదాల్లో అన్నీ ముందే ఉన్నాయి" అంటున్నారు. మిగతా సగం "ఆ రోజుతో మతాల కథ ముగిసినట్టే" అంటున్నారు. మీ అమ్మగారు అడిగింది ఏమిటో ఇద్దరిలో ఎవరూ పట్టించుకోలేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏ మతమూ కూలదు. రాసి పెట్టుకోండి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ ప్రశ్న మా ఇంట్లో 2009లోనే వచ్చింది. అది కూడా తద్దినం రోజున, మేడ మీద, మా నాయనమ్మ నోటి నుంచి.

మాది హైదరాబాద్‌లోని కుషాయిగూడ. నాన్న అక్కడి ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌లో పనిచేసేవారు. మా ఇంటికి దగ్గర్లోనే టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు పరిశోధన కోసం పెద్ద బెలూన్లు ఎగరేసే కేంద్రం ఉంది. చిన్నప్పుడు చలికాలంలో తెల్లవారుజామున పాల కోసం వెళ్తుంటే, ఒక్కోసారి చెట్ల వెనక నుంచి తెల్లటి బెలూన్ లేచేది. గుండ్రంగా ఉండేది కాదు. పైన కొంచెం ఉబ్బి, కిందంతా సన్నగా వేలాడుతూ, తలకిందులుగా పట్టుకున్న సొరకాయలా ఉండేది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి అది ఉబ్బుతుందని నాన్న చెప్పేవారు. ఎండెక్కాక కూడా నడినెత్తిన తెల్లటి చుక్కలా కనబడుతుండేది. మేము దాన్ని పగటి చుక్క అనేవాళ్లం.

2005 ఏప్రిల్‌లో అక్కడి నుంచే ఇస్రో వాళ్లు ఒక పెద్ద బెలూన్‌ను పంపారు. దాని కింద 459 కిలోల పరికరం. అందులో 38 కిలోల ద్రవ నియాన్. ఉక్కు గొట్టాలను ఆ నియాన్‌తో విపరీతంగా చల్లబరిస్తే, బయటి గాలి తనంతట తానే లోపలికి వచ్చి గడ్డకడుతుంది. అలా 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న గాలిని పట్టి కిందికి దింపారు. దాన్ని మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీలోనూ, పుణెలోని మరో ప్రయోగశాలలోనూ పరీక్షించారు. 12 బాక్టీరియా గుంపులు, 6 బూజు గుంపులు బయటపడ్డాయి. అందులో మూడు బాక్టీరియాలు అప్పటిదాకా ఎవరికీ తెలియనివి. వాటికి జానిబాక్టర్ హోయలీ, బాసిల్లస్ ఇస్రోనెన్సిస్, బాసిల్లస్ ఆర్యభట అని పేర్లు పెట్టారు. మొదటిది ఫ్రెడ్ హోయల్ అనే శాస్త్రవేత్త పేరు మీద. ప్రాణం అంతరిక్షం నుంచి వచ్చిందని వాదించిన వాళ్లలో ఆయన ముఖ్యుడు.

ఈ సంగతి 2009 మార్చిలో బయటపెట్టారు. ఉగాదికి ఇంకా పది రోజులుంది. పేపర్లో ఆ వార్త వచ్చిన రోజే మా తాతయ్య తద్దినం.

ఆ రోజు బాగా గుర్తుంది. నాన్న తడిబట్టతో పీట మీద కూర్చుని ఉన్నారు. కింద గదిలో మంత్రాలు, వంటింట్లో నువ్వుల వాసన. నేను పేపర్ పట్టుకుని గడప దగ్గర నిలబడి, "నాయనమ్మా, మన బెలూన్‌లో కొత్త ప్రాణులు దొరికాయంట, ఆకాశంలో నలభై కిలోమీటర్ల పైన" అని చెప్పాను. అప్పుడు ఆమె ఏమీ అనలేదు. తర్వాత కాకికి పెట్టే వాయస పిండం పట్టుకుని అందరం మేడ మీదికి వెళ్లాం. పిట్టగోడ మీద విస్తరాకులో పెట్టి, నీళ్లు చల్లి, దూరంగా జరిగి నిలబడ్డాం. కాకి రాలేదు. పది నిమిషాలు గడిచాయి. పావుగంట గడిచింది. అయ్యగారు వాచీ చూసుకుంటున్నారు, ఆయనకు మౌలాలీలో ఇంకో ఇల్లు ఉంది.

నాయనమ్మ తలెత్తి ఆకాశం వైపే చూస్తూ అడిగింది. "అయ్యగారూ, ఆయన మళ్లీ ఆ పైన ఎక్కడో పుట్టి ఉంటే, ఈ ముద్ద అందుతదా?"

ఎవరికీ నోట మాట రాలేదు. నాన్న "అమ్మా, ఇప్పుడవన్నీ ఎందుకు" అన్నారు. ఆమె ఆయన వైపు చూడలేదు. "పొద్దున పిల్ల చెప్పింది. పైన కూడా జీవాలున్నాయంట. ఉంటే ఆయన అక్కడ పుట్టొద్దని ఏముంది? ముప్పై ఏళ్లుగా పెడుతున్న. ఎటు పోతున్నదో తెలియాలె కదా" అంది.

అయ్యగారు వాచీ చూడటం మానేశారు. ఆయన చెప్పిన మాటలు ఇప్పటికీ నా చెవిలో ఉన్నాయి. "అమ్మా, ఈ సందేహం పెద్దవాళ్లకు ఎప్పుడో వచ్చింది. పురాణాల్లో శ్రాద్ధం గురించి చెప్పేచోట జవాబు కూడా రాసిపెట్టారు. పోయినవాడు దేవతగా పుట్టి ఉంటే మనం పెట్టింది అమృతమై అందుతుంది. పశువుగా పుడితే గడ్డి అవుతుంది, పాముగా పుడితే గాలి అవుతుంది. ఎక్కడ పుడితే అక్కడి తిండిగా మారి చేరుతుంది. దాన్ని చేర్చేది పేరూ, గోత్రమూ. అవి మనం సరిగ్గా చెబితే చాలు."

"ఆ పైన గడ్డి లేకపోతే?" అంది నాయనమ్మ.

"అక్కడ ఏది ఉంటే అది" అన్నారు అయ్యగారు.

ఆమె తల ఊపింది. ఆ తర్వాత కాసేపటికి కాకి వచ్చింది.

ఇంకో ముచ్చట. మా పక్కింటి మేడ మీద చాచా ఉన్నారు. సర్కారు బడిలో ఉర్దూ చెప్పి రిటైరైన మనిషి. మేము కాకి కోసం చూస్తున్నామని తెలిసి, అంతసేపూ కుర్చీలో నుంచి కదలలేదు, కాకి బెదిరిపోతుందని. అది ముట్టి పోయాక గోడ దగ్గరికి వచ్చారు. ఆయనా ఉర్దూ పేపర్లో అదే వార్త చదివారు. నాయనమ్మ అడిగింది కూడా విన్నారు.

"అమ్మా, మా ఖురాన్‌లో కూడా ఒక మాట ఉంది" అన్నారు. అది షూరా అధ్యాయం, 42వది, అందులో 29వ వాక్యం. ఆకాశాలనూ భూమినీ సృష్టించడం, ఆ రెండింటిలోనూ ఆయన చల్లిన ప్రాణులు, ఇవన్నీ ఆయన సూచనలేననీ, తలచుకున్నప్పుడు వాటన్నిటినీ ఒక్కచోట చేర్చగలడనీ దాని భావం. అక్కడున్న అరబీ మాట 'దాబ్బా'. అంటే నడిచేవి, పాకేవి. దేవదూతలు కావచ్చు కదా అని నేను అడిగాను. నహ్ల్ అధ్యాయంలో ప్రాణుల్నీ దేవదూతల్నీ వేరువేరుగా చెప్పిన చోటు కూడా ఉందని, కాబట్టి రెండూ ఒకటి కాకపోవచ్చని ఆయన వివరించారు. రోజూ నమాజులో చదివే మొదటి అధ్యాయంలోనే దేవుణ్ని 'రబ్బిల్ ఆలమీన్' అంటారు, సర్వలోకాల ప్రభువు అని. ఒక్క లోకానికి ప్రభువు అనలేదు. ఇంత చెప్పి, చివర్లో "వల్లాహు ఆలం" అన్నారు. అసలు సంగతి అల్లాకే తెలుసు అని. వాళ్లలో పండితులు ఏ అర్థం చెప్పినా చివర ఆ మాట కలుపుతారట. ఖురాన్‌లో గ్రహాంతర జీవుల రుజువు ఉందని ఆయన అనలేదు. తలుపు మూసి లేదని మాత్రమే అన్నారు.

మీ ప్రశ్నకు నా జవాబు ఇదే. గ్రంథాలు ఈ విషయంలో తలుపు మూయలేదు. గొడవంతా ఆ తలుపు దగ్గర నిలబడి అరిచేవాళ్లతో వస్తుంది.

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నెలకొకసారైనా ఒక ఫార్వర్డ్ వస్తుంది. పద్నాలుగు లోకాలంటే పద్నాలుగు గ్రహాలని, సుతలం ఫలానా గ్రహమని, పాతాళం ఇంకోటని, నాసా ఒప్పుకుందని. చదివితే బాధేస్తుంది. లోకం వేరు, గ్రహం వేరు. లోకం అంటే చూడబడేది, అనుభవించేది. తపోలోకానికి రాకెట్ పోదు, తపస్సు చేసిన వాడు పోతాడు. సుతలంలో బలి చక్రవర్తి ఉన్నాడని భాగవతం చెబుతుంది. ఎందుకు చెబుతుంది? అన్నీ దానం చేసి ఓడిపోయిన వాడి గుమ్మం దగ్గర విష్ణువే కాపలా నిలబడ్డాడని చెప్పడానికి. అంత పెద్ద మాటను పక్కన పెట్టి, అందులో నుంచి ఒక గ్రహం పేరు ఏరుకుని గర్వపడటం ఏమిటి? ఇది గ్రంథాన్ని పెంచడం కాదు, కుదించడం. రేపు ఆ గ్రహం మీద ఏమీ లేదని తేలితే అప్పుడు ఏం చెబుతారు?

గజేంద్ర మోక్షం తీసుకోండి. తెలుగువాళ్లలో ఆ పద్యం వినని వాళ్లు తక్కువ. "లోకంబులు లోకేశులు లోకస్థులు" అని పోతన మొదలుపెడతాడు. లోకాలు, వాటిని ఏలేవాళ్లు, వాటిలో ఉండేవాళ్లు, అందరూ పోయాక మిగిలే పెనుచీకటికి అవతల ఎవడు వెలుగుతాడో వాణ్ని కొలుస్తానంటుంది ఏనుగు. లోకాలు అని బహువచనంలోనే ఉంది, వాటిలో ఉండేవాళ్లూ ఉన్నారు. మా నాయనమ్మ రోజూ చదివేది. కానీ ఆ మాట అంటున్నది కాలు మొసలి నోట్లో ఉన్న ఏనుగు. లోకాలు ఎన్ని, ఎక్కడున్నాయి అన్నది దానికి అప్పుడు అక్కర్లేదు. తన మొర వినేవాడు ఉన్నాడా లేడా, అదే దాని ప్రశ్న. గ్రంథాలు చాలావరకు ఇలా మొసలి నోట్లో కాలున్నప్పుడు పుట్టిన మాటలే అని నా నమ్మకం. వాటిని పరీక్ష పేపర్‌లా దిద్దకూడదు.

వేదంలో కూడా అంతే. ఋగ్వేదం పదో మండలంలో నాసదీయ సూక్తం ఉంది. సృష్టి ఎక్కడి నుంచి వచ్చిందో పైనుంచి చూసేవాడికే తెలుసు, లేదా ఆయనకూ తెలియదేమో అని అది ముగుస్తుంది. చాచా చెప్పిన "వల్లాహు ఆలం" దగ్గరికి ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి. మన ఫార్వర్డ్‌లలో మాత్రం అందరికీ అన్నీ తెలుసు.

టీవీల సంగతి ఇంకా ఘోరం. 2022 డిసెంబర్‌లో వికారాబాద్ జిల్లాలో ఒక పొలంలో పెద్ద డబ్బా లాంటిది ఆకాశం నుంచి దిగింది. జనం గుంపులుగా పరిగెత్తారు, ఏలియన్లు వచ్చారన్నారు. అది మా కుషాయిగూడ వైపు నుంచి పంపిన బెలూన్ కింద కట్టిన పరికరమే. చిన్నప్పటి నుంచి ఆ బెలూన్లను చూసినదాన్ని కాబట్టి ఫోటో చూడగానే నాకు అర్థమైంది. అక్కడి వాళ్లకు ముందుగా ఒక మాట చెప్పి ఉంటే బాగుండేది. 2009లో ఇస్రో మాత్రం చాలా పద్ధతిగా చెప్పింది. ఈ మూడు బాక్టీరియాలు భూమికి బయటి నుంచే వచ్చాయని దీంతో రుజువు కాలేదని తన ప్రకటనలోనే రాసింది. ఆ ఒక్క వాక్యం చాలామంది చదవలేదు. కే2-18బి సంగతీ అంతే. 124 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గ్రహం. దాని గాలిలో డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువు జాడ ఉన్నట్టుందని 2025 ఏప్రిల్‌లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు అన్నారు. భూమి మీద దాన్ని తయారుచేసేది ముఖ్యంగా సముద్రపు నాచు లాంటి జీవులు. ఆ కొలతలు అంత మాటకు చాలవని వేరే శాస్త్రవేత్తలు వెంటనే అభ్యంతరం చెప్పారు. మీ అమ్మగారు ఇంకా తేలని దాని గురించి నిద్ర పాడుచేసుకుంటున్నారు.

క్రైస్తవుల సంగతి కూడా అడిగారు. నిజం చెప్పాలంటే ఈ ముగ్గురిలో కష్టమైన ప్రశ్న వాళ్లదే. మా ఆఫీసులో అకౌంట్స్ చూసే అబ్బాయి పాస్టర్ గారి కొడుకు. ఒకసారి మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ మాట వస్తే చాలాసేపు ఆలోచించాడు. "అక్కా, యేసు మనిషిగా పుట్టి మనుషుల పాపాల కోసం చనిపోయాడు. అక్కడివాళ్ల కోసం కూడా చనిపోయాడా, వాళ్ల దగ్గర వేరే పుట్టాడా, లేక వాళ్లు అసలు పాపమే చేయలేదా? నాకు తెలీదు" అన్నాడు. నేను యోహాను సువార్తలో "ఈ దొడ్డివి కాని వేరే గొఱ్ఱెలును నాకు కలవు" అని ఉంది కదా అన్నాను. అతను ఒప్పుకోలేదు. అది యూదులు కాని వాళ్ల గురించి అన్న మాట, దాన్ని అంతరిక్షానికి సాగదీయడం తప్పు అన్నాడు. నా వాదనకు పనికొచ్చే వాక్యాన్ని అతనే నా చేతిలో నుంచి తీసేసుకున్నాడు. ఆ రోజు నుంచి అతని మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.

వాళ్ల చరిత్రలో ఈ విషయం మీద నెత్తురు కూడా చిందింది. లెక్కలేనన్ని లోకాలున్నాయని అన్న జోర్డానో బ్రూనోను 1600లో రోమ్‌లో సజీవంగా తగలబెట్టారు. ఆయన మీద మోపిన నేరాల్లో ఆ మాట కూడా ఉంది. అదే రోమ్‌లో 2008లో వాటికన్ అబ్జర్వేటరీ పెద్ద, ఫాదర్ ఫూనెస్, గ్రహాంతర జీవి ఉంటే అది కూడా నా తోబుట్టువే అన్న అర్థంలో వాటికన్ పత్రికతో మాట్లాడారు. నాలుగు వందల ఏళ్లు పట్టింది. బ్రూనోకు అన్యాయం జరిగిందని నేను గట్టిగా అంటాను. కానీ మతం కూలిందా? కూలలేదు. మాట మార్చుకుంది, నిలబడింది. ఇక ముందూ అంతే.

సూర్యుడి లాంటి నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహాన్ని మొదటిసారి 1995లో కనిపెట్టారు. ఇప్పటికి అలా వేరే నక్షత్రాల దగ్గర దొరికినవి 6 వేలు దాటాయి. అవన్నీ తెలిసీ మన జనం గుడికి వెళ్లడం మానలేదు, మసీదుకు వెళ్లడం మానలేదు. నాకు తెలిసిన వాళ్లలో గ్రహాల లెక్క విని దేవుణ్ని వదిలేసిన వాళ్లు ఒక్కరూ లేరు. వదిలేసిన ఇద్దరు ముగ్గురూ ఇంట్లో చిన్న వయసు చావు చూసి వదిలేశారు.

నా అసలు బాధ వేరే ఉంది. ఈ ప్రశ్న అడగడానికి ఆకాశం కనబడాలి కదా. చిన్నప్పుడు కరెంటు పోతే మేడ మీద పడుకుని చుక్కలు లెక్కపెట్టేవాళ్లం. ఇప్పుడు మేముండే అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద నాలుగు ఫ్లడ్‌లైట్లు రాత్రంతా వెలుగుతాయి. రెండు ఆపండని మూడేళ్లుగా అడుగుతున్నాను. దొంగల భయం అంటారు. మా పిల్లలకు సప్తర్షులను చూపించాలంటే కారులో యాదగిరిగుట్ట రోడ్డు పట్టుకుని చాలా దూరం పోవాలి. అరుంధతి కనబడని ఊళ్లో పెళ్లిళ్లలో అరుంధతిని చూపిస్తున్నాం. మతానికి దెబ్బ ఎక్కడ తగులుతుందంటే ఇక్కడ తగులుతుంది, కే2-18బి దగ్గర కాదు.

ఇంకో సంగతి మీ అమ్మగారికి తప్పకుండా చెప్పండి. ఏ పూజకైనా సంకల్పంలో ఏం చెబుతాం? శ్వేతవరాహ కల్పే, వైవస్వత మన్వంతరే, కలియుగే, ప్రథమపాదే, జంబూద్వీపే, భరతవర్షే, భరతఖండే అంటూ, శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో, ఏ నదుల మధ్య ఉన్నామో చెప్పి, చివరికి మన గోత్రం, పేరు చెబుతాం. కుషాయిగూడలో ఉన్నవాడు అంత పెద్ద అడ్రస్ ఎందుకు చెప్పాలి? వినేవాడు ఈ పక్కవీధిలో లేడని, ఎన్నో లోకాల్లో ఎన్నో కాలాల్లో ఇది ఒకటని తెలిసినవాడే అలా చెబుతాడు. 1977లో అమెరికా వాళ్లు వాయేజర్ నౌకల మీద బంగారు పూత పూసిన రికార్డులు పంపినప్పుడు, దాని కవర్ మీద క్రమం తప్పకుండా మిణుకుమనే 14 పల్సర్ నక్షత్రాల గుర్తులతో మన సూర్యుడు ఎక్కడున్నాడో గీశారు. అదీ సంకల్పమే నా లెక్కలో. ఆ రికార్డులో 55 భాషల్లో పలకరింపులున్నాయి. వాటిలో తెలుగు ఒకటి. తెలుగు మాట్లాడే జనం తరపున నమస్తే, శుభాకాంక్షలు అని. ఇప్పుడు వాయేజర్ 1 మనకు 2,400 కోట్ల కిలోమీటర్లు దాటి పోతూనే ఉంది. మా నాయనమ్మకు ఈ సంగతి చెబితే, "మన భాషలో చెప్పారు కదా, మంచిది" అంది.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు తాతయ్యతో పాటు ఆమెకూ తద్దినం పెడుతున్నాం. చాచా కుషాయిగూడ వదిలి టోలీచౌకిలో కొడుకు దగ్గర ఉంటున్నారు. చూపు తగ్గింది. మీ ప్రశ్న ఫోన్‌లో ఆయనకు చదివి వినిపించాను. ఖురాన్ వాక్యాల నంబర్లు మళ్లీ సరిచూసుకుందామని చేశాను. నంబర్లు చెప్పారు, "వల్లాహు ఆలం" కలపమన్నారు. ఆ తర్వాత, "ఈసారి మీ నాయనమ్మ తద్దినానికి కాకి వచ్చిందా బేటా?" అని అడిగారు.

రాలేదు చాచా, గంటన్నర చూసి ఆవుకు పెట్టాం అన్నాను.

"పేరు చెప్పారు కదా" అన్నారు.

చెప్పాం.